హర్షిత రాసిన మూడో వాక్యం

"మదర్స్ డే గురించి మాట్లాడ్డానికి మీకంటే ఎవరున్నారండీ మేడమ్?" అన్నారు కరస్పాండెంట్ శేషగిరిరావు గారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. ఎదురుగా కూర్చున్న సోషల్ టీచరు రేహానా ఒక్కగానొక్క కొడుకు ఏడాదిన్నర క్రితం ఇదే స్కూల్లో రెండో తరగతి చదువుతూ చనిపోయాడన్న సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తు లేదు, అంతే. పక్కన నిలబడ్డ ఆయన భార్య సరళకు గుర్తుంది. ఆ స్కూలుకు ఆవిడే ప్రిన్సిపాల్.

"ఏవండీ, ఇంకెవరికైనా చెబుదాం" అంది మెల్లగా.

అప్పటికి గానీ ఆయన నాలుక కరుచుకోలేదు.

"పరవాలేదండీ, నేను మాట్లాడతాను" అంది రేహానా. కాదంటే ఇద్దరూ తనవైపు జాలిగా చూస్తారు. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె అన్నిటికంటే ఎక్కువగా భయపడుతున్నది ఆ చూపుకే.

అది 2007 మే నెల మొదటి వారం. శేషగిరిరావు గారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఏలూరు పక్క వట్లూరులో కాలనీలు లేస్తున్న రోజుల్లో స్థలం కొని ఈ ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టారు. ఎండాకాలం సెలవుల్లో టీచర్లు ఆటోల్లో గుండుగొలను దాకా, అటు కొల్లేరు లంకల దాకా తిరిగి పాంప్లెట్లు పంచి పిల్లల్ని చేర్పించాలి. ఈ ఏడు ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. మే రెండో ఆదివారం మదర్స్ డే. పాత పిల్లల తల్లుల్నీ, కొత్తగా చేర్పించాలనుకునే తల్లుల్నీ పిలిచి షామియానా వేసి ఫంక్షన్ చేయాలి. ఒక్కో తల్లినీ స్టేజీ మీదికి పిలిచి పిల్లల చేత గులాబీ ఇప్పించాలి. పిల్లలు వాళ్ళమ్మ గురించి నాలుగు వాక్యాలు చెప్పాలి. తెలుగులోనే చెప్పాలి, తల్లులకు అర్థం కావాలి కదా. చివర్లో తల్లికో స్టీలు డబ్బా, పులిహోర పొట్లం. ఆ పండుగ అసలు ఎలా పుట్టిందో రేహానా పది నిమిషాలు చెప్పాలి. పిల్లలకు వాక్యాలు నేర్పించే పని కూడా ఆమెదే.

రేహానాది తంగెళ్ళమూడి. భర్త జానీ తివాచీలు నేస్తాడు. మగ్గం ఇంటి ముందు గదిలోనే. నవీద్ బతికున్నప్పుడు తల్లీకొడుకులిద్దరూ పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి వట్లూరు వచ్చేవారు. మెయిన్ రోడ్డు మీద దిగి స్కూలు దాకా పది నిమిషాలు నడవాలి. నవీద్ బక్కపల్చటి పిల్లవాడు. పుస్తకాల సంచి వాడి వీపు కన్నా పెద్దదిగా ఉండేది. వాడు పోయిన ఏడు సెప్టెంబరులో ఒకరోజు "అమ్మీ, బ్యాగు బరువుగా ఉంది" అని రోడ్డు మీదే నిలబడిపోయాడు. రేహానా సంచి తెరిచి లీటరు నీళ్ళ బాటిల్ తీసేసింది. మర్నాటి నుంచి బాటిల్ పెట్టడమే మానేసింది.

"స్కూల్లో కుళాయి ఉందిగా నాన్నా. అందరూ అవే తాగుతున్నారుగా" అంది.

నవంబరులో వాడి కళ్ళు పచ్చబడ్డాయి. మొదట పసరు పోయించారు. నాలుగు రోజులు గడిచాక ఏలూరులో ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడి నుంచి విజయవాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏ నీళ్ళు తాగుతున్నాడని.

"ఇంట్లో కాచి చల్లార్చినవేనండీ" అంది రేహానా. ఒక్క క్షణం ఆగి, "స్కూల్లో మాత్రం కుళాయి నీళ్ళండీ" అంది.

వరండాలోకి వచ్చాక జానీ, "బాటిల్ మాన్పించింది నువ్వేగా" అన్నాడు. మూడో రోజున పిల్లవాడు పోయాడు. జానీ ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోయినా వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేటప్పుడల్లా ఆ మాట మధ్యలోనే ఉండేది. ఆ వానాకాలం ఊళ్ళో చాలామంది పిల్లలకు కామెర్లు వచ్చాయి. కాబట్టి ఫలానా చోటని ఎవరూ వేలు పెట్టి చూపలేదు. రేహానా మాత్రం తన వేలు తనవైపే తిప్పుకుంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక మళ్ళీ స్కూలుకు వెళ్ళింది. ఆ నలభై రోజులూ సరళ క్యారియర్లలో అన్నం పంపింది. నాలుగైదు సార్లు స్వయంగా వచ్చి, చాప మీద ఆమె పక్కనే కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళింది. ఆవిడ మంచితనం రేహానా మరిచిపోలేదు.

మదర్స్ డే గురించి రేహానాకు తెలిసింది గ్రీటింగు కార్డుల మీద బొమ్మల వరకే. పవర్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి గంటసేపు కూర్చుని, దొరికినవి చదివి, మూడు కాగితాలు ప్రింటు తీయించుకుంది. వందేళ్ళ క్రితం అమెరికాలో ఒక కూతురు, చనిపోయిన తన తల్లి పేరున చర్చిలో ప్రార్థన పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ తల్లికి ఇష్టమైన తెల్లటి పూలు పంచిందట. అక్కడ మొదలైన పండుగ ఇది. తల్లి ఉన్నవాళ్ళు రంగు పువ్వు, లేనివాళ్ళు తెల్ల పువ్వు పెట్టుకోవడం తర్వాత ఆచారమైంది. పువ్వుల వాళ్ళూ కార్డుల వాళ్ళూ దాన్ని వ్యాపారం చేసేశారని ఆ కూతురే చివరికి ఆ పండుగకు వ్యతిరేకంగా పోరాడి, పిల్లాపాపా లేకుండా ఒంటరిగా పోయింది.

రెండో కాగితంలో ఆ తల్లి సంగతి ఉంది. ఆ తల్లికి పదిమందికి పైగా పిల్లలు పుట్టారు. పెద్దవాళ్ళయ్యేదాకా బతికినవాళ్ళు నలుగురే. మిగతా అందరూ చిన్నప్పుడే జబ్బులతో పోయారు. ఆవిడ ఊళ్ళో తల్లులందర్నీ పోగుచేసి సంఘాలు కట్టింది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి పిల్లలు తాగే పాలు చూసేవారు, నీళ్ళు కాచుకోమని చెప్పేవారు, జబ్బు పడిన ఇంట్లో చాకిరీ చేసేవారు.

రేహానా ఆ పేరా అక్కడే నాలుగుసార్లు చదివింది. టైమైపోయిందని సెంటరు ఆయన వచ్చి చెప్పేదాకా లేవలేదు.

శుక్రవారం పొద్దున పిల్లల రిహార్సలు. ఇరవై మంది పిల్లలు వాళ్ళు రాసుకొచ్చిన కాగితాలు ఇచ్చారు. రేహానా ఒక్కొక్కరినీ పిలిచి తప్పులు దిద్దుతోంది. సరళ కూతురు హర్షిత వంతు వచ్చింది. మూడో తరగతి పూర్తి చేసిన పిల్ల. నవీద్ క్లాసే, నవీద్ బెంచీయే. కాగితం మీద గుండ్రటి అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసింది.

మా అమ్మ పేరు సరళ.
మా అమ్మ చేసే సేమియా పాయసం నాకు చాలా ఇష్టం.
స్కూల్లో నీళ్ళు మంచివి కావని మా అమ్మ నాకు రోజూ ఇంటి నుంచి బాటిల్‌లో నీళ్ళు ఇస్తుంది.
మా అమ్మ అందరి కంటే మంచి అమ్మ.

రేహానా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది.

"బాటిల్ ఎప్పటి నుంచి తెచ్చుకుంటున్నావమ్మా?"

"సెకండ్ క్లాస్ నుంచి మేడమ్. దసరా హాలిడేస్ అయిపోయాక."

"అంతకు ముందు?"

"కుళాయి దగ్గరే తాగేదాన్ని. డాడీ అమ్మకి సంపు గురించి ఏదో చెప్పారు. ఇంక ఆ నీళ్ళు ముట్టుకోవద్దని అమ్మ చెప్పింది." హర్షిత గొంతు తగ్గించింది. "నవీద్ ఒకసారి అడిగితే నా బాటిల్ ఇచ్చాను మేడమ్. ఇంట్లో చెబితే, ఎవరికీ ఇవ్వొద్దు, నీకు చాలవు అంది అమ్మ. మళ్ళీ అడిగితే ఇవ్వలేదు."

దసరా అయిన మూడు వారాలకు నవీద్ కళ్ళు పచ్చబడ్డాయి. రేహానా లెక్కపెట్టుకోనక్కరలేదు. ఆ నెలలో ఒక్కో రోజూ ఆమెకు కంఠతా వచ్చు.

ఎదురుగా ఉన్న పిల్ల, ఏం తప్పు రాశానా అని చూస్తోంది. ఆ వాక్యాన్ని అలాగే వదిలేస్తే చాలు. ఆదివారం నాడు నూట యాభై మంది తల్లుల ముందు మైకులో ఈ పిల్లే చదువుతుంది. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేదు. రేహానా కాసేపు ఆ అక్షరాల వైపే చూసింది. తర్వాత ఆ వాక్యం కొట్టేసింది.

"ఇది వద్దులే తల్లీ. అమ్మ నీకు జడలు ఎలా వేస్తుందో రాయి. అది బావుంటుంది."

మధ్యాహ్నం ఆయా వెంకటనరసమ్మ దొడ్డివైపు గిన్నెలు తోముతుంటే రేహానా వెళ్ళి పక్కన కూర్చుంది. బాత్రూముల వెనక నేలలో కుళాయిల నీళ్ళ సంపు, దాని ఇనప మూతకు తాళం. ఆ పక్కనే మురుగు కాలవ.

"వెంకటనరసమ్మ గారూ, ఈ సంపు ఎప్పుడైనా పగిలిందా?"

వెంకటనరసమ్మ గిన్నె కింద పెట్టింది.

"మీరెప్పుడో అప్పుడు అడుగుతారనుకున్నానమ్మా" అంది. "ఆ ఏడు వానలకి గోడ బీట తీసింది. కాలవలో నీళ్ళు లోపలికి ఊరేవి. వాసన కూడా వచ్చేదండి. అయ్యగారికి నేనే చెప్పాను. దసరా సెలవుల్లో చేయిద్దాం అన్నారు. మేస్త్రి రాలేదు. క్రిస్మస్ సెలవుల్లో అన్నారు. అప్పుడు పైపైన సిమెంటు పూయించారు. వానొస్తే ఇప్పటికీ ఊరుతుందమ్మా. మీకు చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెబితే ఏమవుతుందోనని..." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను పాపిష్టిదాన్నమ్మా."

రేహానా ఆవిడను ఓదార్చలేదు, తిట్టలేదు. లేచి క్లాసులోకి వెళ్ళి మిగిలిన పిల్లల కాగితాలు దిద్దింది.

మర్నాడు, శనివారం సాయంత్రం నాలుగింటికి సరళ తన గదిలో ఒక్కతే ఉంది. కడియం నుంచి తెప్పించిన గులాబీలు బకెట్లలో ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ తీసి ముళ్ళు గిల్లుతోంది. రేహానా తలుపు దగ్గరగా వేసి ఎదురుగా నిలబడింది.

"మేడమ్, నవీద్ పోయిన ఏడు సంపు పగిలిందని మీకు ముందే తెలుసాండీ?"

సరళ చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. "ఎవరు చెప్పారండీ?"

"ఎవరో ఒకరు. తెలుసా అండీ?"

"తెలుసండీ" అంది సరళ. ఆ మాట ఎన్నాళ్ళ నుంచో లోపల సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. "ఆయన సెలవుల్లో చేయిద్దామనుకున్నారు. కుదరలేదు. నీళ్ళు ఆపేస్తే తల్లిదండ్రులు ఎందుకూ ఏమిటీ అని అడుగుతారన్నారు. బ్లీచింగ్ వేయిస్తున్నాంగా, ఏం కాదులే అన్నారు. నేనూ ఏం కాదులే అనుకున్నానండీ."

"ఏం కాదనుకుంటే మీ పాపకి బాటిల్ ఎందుకిచ్చారండీ?"

సరళ తల దించుకుంది. వేలికి ముల్లు గుచ్చుకుని రక్తం వస్తున్నా చూసుకోలేదు.

"ఆ రోజు నాకు నా పిల్లే కనబడిందండీ రేహానా గారూ. ఇంకెవరూ గుర్తు రాలేదు. మిమ్మల్ని మభ్యపెట్టాలని కాదండీ, ఒట్టు. గుర్తు రాలేదంతే."

"రోజూ ఒక్క బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం మేడమ్. 'మీ వాడికి నీళ్ళు ఇంటి నుంచి ఇచ్చి పంపండి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు."

"మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ చెప్పేద్దామనే వచ్చేదాన్నండీ. మీ మొహం చూసి ఇంక..." సరళ ఏడ్చింది. ఏడుస్తూనే, "ఈ ఫంక్షన్ ఒక్కటీ అయిపోనివ్వండి. ఈ సెలవుల్లో కొత్త సంపు కట్టిస్తారు. నేను దగ్గరుండి కట్టిస్తాను" అంది.

"క్రిస్మస్ సెలవుల్లో అని అప్పుడూ అన్నారటగా" అంది రేహానా.

ఇంటికి వచ్చేసరికి జానీ మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. రేహానా చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అంతా చెప్పింది. ఆయన చేతులు దారాల మధ్యే ఆగిపోయాయి. విన్నాక లేచి వచ్చాడు. ఏదో అనబోయాడు. నోరు తెరిచి, "ఆ రోజు ఆసుపత్రిలో నేను..." అని, అక్కడితో ఆగిపోయి, గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. మగవాడు అలా గుక్కపట్టి ఏడవడం రేహానా కొడుకు పోయిన రోజున కూడా చూడలేదు. ఆమె ఆయన పక్కన కూర్చుంది గానీ ఆమెకు ఏడుపు రాలేదు. కారణం ఇంకొకరి దగ్గర దొరికాక కూడా, బాటిల్ తీసేసిన చెయ్యి తనదే.

"రేపు వెళ్ళకు" అన్నాడు జానీ కాసేపటికి.

"జూన్‌లో వానలు పడతాయి. అప్పుడు మళ్ళీ ఊరుతుంది. మనవాడు లేడు కదా అని ఊరుకుంటే, వాళ్ళకీ నాకూ తేడా ఏముందండీ?"

ఆదివారం తొమ్మిదిన్నరకే ఎండ మండిపోతోంది. షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. వట్లూరు కాలనీల వాళ్ళు ముందు వరసల్లో, కొల్లేరు వైపు నుంచి బస్సుల్లో వచ్చిన తల్లులు వెనక వరసల్లో, చంకల్లో చంటిపిల్లలతో కూర్చున్నారు. స్టేజీ మీద శేషగిరిరావు గారు, సరళ. ప్రార్థన అయ్యాక రేహానాను పిలిచారు.

ఆమె కాగితాలు చూడకుండానే చెప్పింది. ఆ కూతురి గురించి, తెల్ల పువ్వుల గురించి, తర్వాత ఆ తల్లి గురించి. పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని మట్టిలో పెట్టిన తల్లి ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాచుకోమని చెప్పిందన్నప్పుడు వెనక వరసల్లో ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు.

"ఇది పువ్వులిచ్చే పండుగ కాదండీ" అంది రేహానా. "పిల్లలు తాగే నీళ్ళు ఎలా ఉన్నాయో తల్లులు వెళ్ళి చూసిన పండుగ. నా కొడుకు నవీద్ ఈ స్కూల్లోనే చదివాడు. ఈ కుళాయి నీళ్ళే తాగాడు. నేనే తాగమన్నాను. అప్పుడు ఈ సంపు గోడ పగిలి మురుగు కలుస్తోంది. నాకు తెలియదు. దానివల్లే వాడు పోయాడని నేను రుజువు చెయ్యలేను. కానీ ఆ గోడ ఇప్పటికీ బాగుపడలేదు. దయచేసి మీరే వెళ్ళి మూత తీయించి చూడండి. బాత్రూముల వెనకాల ఉంది."

శేషగిరిరావు గారు లేచి వచ్చి, ఎంతో మర్యాదగా ఆమె చేతిలోంచి మైకు అందుకున్నారు.

"మేడమ్ గారు కడుపుకోతలో ఉన్నారండీ. తల్లి మనసు. మనం అర్థం చేసుకోవాలి. అందరం ఒక్క నిమిషం లేచి నిలబడి ఆ బాబు కోసం మౌనం పాటిద్దాం."

అందరూ లేచి నిలబడ్డారు. నూట యాభై మంది ఒక్కసారిగా రేహానా వైపు చూశారు. ఆమె ఇన్నాళ్ళూ ఏ చూపుకు భయపడిందో ఆ చూపే. ఆమె చెప్పిన మాటలు ఆ ఒక్క నిమిషంలో ఆమె దుఃఖం కిందికి వెళ్ళిపోయాయి.

నిమిషం అయ్యాక అందరూ కూర్చున్నారు. వెనక వరసలో ఒకావిడ మాత్రం కూర్చోలేదు. లంకల్లో చేపల చెరువుల దగ్గర పనిచేసే మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం. "మా ఊళ్ళో ఎలాగూ తాగడానికి మంచినీళ్ళు లేవండీ. ఇక్కడైనా పిల్లలు మంచినీళ్ళు తాగుతారనే కదా ఇంత దూరం పంపిస్తున్నాం. ఆ మూత ఒకసారి తీయండి బాబూ, చూసి వచ్చేస్తాం" అంది.

ఆవిడతో పాటు ఇంకో ఏడెనిమిది మంది దొడ్డివైపు నడిచారు. సంపుకు తాళం ఉంది. తాళంచెవి తాడేపల్లిగూడెంలో ఉండిపోయిందన్నారు శేషగిరిరావు గారు.

ఆ లంక ఆవిడ సరళ వైపు తిరిగింది. "మీరూ తల్లేగా మేడమ్ గారూ. మీరు చెప్పండి. నిజమేనా?"

సరళ భర్త వైపు చూసింది, రేహానా వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు కొంతసేపు అక్కడే నిలబడి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, తిరిగి కుర్చీల దగ్గరికి వచ్చారు. మైకులో పిల్లల పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కొక్క పిల్లా వచ్చి వాళ్ళమ్మకు గులాబీ ఇస్తోంది. హర్షిత వంతు వచ్చేలోపే రేహానా మెయిన్ రోడ్డు మీద ఆటో ఎక్కేసింది.

బుధవారం తాడేపల్లిగూడెం నుంచి కూలీలు వచ్చి సంపు పగలగొట్టారని వెంకటనరసమ్మ వచ్చి చెప్పింది. పది రోజుల్లో వేరేచోట కొత్తది కట్టారు. ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు. పాత గోడ ముక్కలు ట్రాక్టరులో వెళ్ళిపోయాయి. ఆ స్కూలు పిల్లలు ఇకమీదట మంచినీళ్ళు తాగుతారు. అది చాలని రేహానా తనకు తాను చెప్పుకుంది. చాల్లేదు. ఆమెను మానెయ్యమని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. జూన్‌లో గుండుగొలనులో ఇంకో స్కూల్లో చేరింది. అక్కడికి బస్సులో గంట.

జూలై మొదట్లో ఒక ఆదివారం పదకొండింటికి వాళ్ళ ఇంటి ముందు కారు ఆగింది. సరళ దిగింది. వెనకే హర్షిత. పిల్ల చిక్కి సగమైంది. సరళ గుమ్మం బయటే నిలబడింది.

"నన్ను లోపలికి పిలవమని అడగనండీ" అంది. "ఆ రోజు మీరు మాట్లాడిందంతా ఇది వింది. అప్పట్నుంచి నేనిచ్చిన బాటిల్ ముట్టుకోదు. బలవంతాన పెడితే దారిలో పారబోస్తుంది. ఇంట్లో నా చేత్తో ఇస్తే నీళ్ళు తాగదు. అన్నం సరిగ్గా తినదు. రెండుసార్లు జ్వరం వచ్చింది. ఎందుకే అంటే చెప్పదు. మీరు అడిగితే చెబుతుందేమోనండీ."

రేహానాకు తలుపు వేసెయ్యాలనిపించింది. నా దగ్గరికా వచ్చావు అనాలనిపించింది. కానీ ఆ పిల్ల, నవీద్ పక్కన కూర్చున్న పిల్ల, చెప్పులు విప్పి చేతులు కట్టుకుని క్లాసులో నిలబడ్డట్టు నిలబడి ఉంది. రేహానా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టింది.

"ఏమైందమ్మా?"

హర్షిత నేల వైపు చూస్తూ అంది.

"నవీద్ రెండోసారి అడిగినప్పుడు నేను ఇవ్వలేదు మేడమ్. బాటిల్‌లో ఇంకా ఉన్నాయి. అయిపోయాయని అబద్ధం చెప్పాను. వాడు కుళాయి దగ్గరికి వెళ్ళాడు."

కొడుకు అడిగి, లేదనిపించుకుని, కుళాయి వైపు నడిచి వెళ్ళడం రేహానాకు కనబడింది. ఈ సంగతి వినకపోయినా బాగుండేది.

"ఇచ్చుంటే బతికేవాడా మేడమ్?"

"లేదమ్మా" అంది రేహానా. "వాడు ఆ నీళ్ళు రోజూ తాగాడు. ఒక్క పూట నువ్విచ్చినా ఏమీ మారేది కాదు. మొదటిసారి అడిగినప్పుడు నువ్విచ్చావుగా. ఎవరూ ఇవ్వనప్పుడు నువ్వొక్కదానివే ఇచ్చావు. ఆ సంగతి నాకు నువ్వు చెప్పేదాకా తెలియదు."

"రెండోసారి?"

"రెండోసారి ఇవ్వాల్సింది నువ్వు కాదు. మేము. పెద్దవాళ్ళం. నువ్వు చిన్నపిల్లవి, నీ తప్పేమీ లేదు. విన్నావా?"

హర్షిత ఆమె ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మం బయట సరళ గోడ వైపు తిరిగి నిలబడింది. జానీ లోపలి నుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి చాప మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఏడుపు తగ్గాక పిల్ల ఆ నీళ్ళు తాగింది.

వెళ్ళేటప్పుడు సరళ రెండు చేతులూ జోడించింది. "రేహానా గారూ, నేను ఆ రోజు నిజమని చెప్పాల్సిందండీ..."

"పాపని ఎప్పుడైనా పంపించండి, నేను చూస్తాను" అంది రేహానా. "మీరు మాత్రం ఇంక రావొద్దండీ."

హర్షిత ఆ నెలలో రెండు ఆదివారాలు డ్రైవరుతో వచ్చింది. తెలుగు పుస్తకం తెచ్చుకుని మగ్గం పక్కన కూర్చుని చదువుకుంది. ఆగస్టులో రాలేదు. తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంట్లో ఉంచి అక్కడే స్కూల్లో వేశారని, ఇక్కడ ఉంటే పిల్ల బెంగ వదలడం లేదని వెంకటనరసమ్మ బజారులో కనబడి చెప్పింది. రేహానా సరేనని తలూపి, గుండుగొలను బస్సు వస్తుంటే వెళ్ళి ఎక్కింది.